హైడ్రోజన్ ఫీడ్ ప్యానెల్ రివ్యూ: కిలోలీటరు ఆటోక్లేవ్‌కి 300 లీటర్ల మాస్ ఫ్లో కంట్రోలర్ ఎంతవరకు పనికొస్తుంది

విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీలోనూ అచ్యుతాపురం సెజ్‌లోనూ ఆటోక్లేవ్‌లో (ప్రెషర్ తట్టుకునే మూసిన రియాక్టర్) హైడ్రోజనేషన్, అంటే పదార్థానికి హైడ్రోజన్ కలిపే రియాక్షన్, చేసే ప్లాంట్లకి ఫ్యాబ్రికేటర్లు కట్టి ఇచ్చే పెట్టె ఇంచుమించు ఒకేలా ఉంటుంది. స్టాండు మీద ఎస్ఎస్ 316ఎల్ ట్యూబింగు, రెగ్యులేటరు, ఫిల్టరు, థర్మల్ మాస్ ఫ్లో కంట్రోలరు (గ్యాస్ ఎంత పోతోందో కొలుస్తూ తన వాల్వుతో దాన్ని పట్టి ఉంచే పరికరం), నాన్ రిటర్న్ వాల్వు, సోలినాయిడ్ షటాఫ్, రెండు ప్రెషర్ ట్రాన్స్‌మిటర్లు, పక్కన వీటిని నడిపే చిన్న కంట్రోల్ కంప్యూటరు, పీఎల్‌సీ. రేంజి నిమిషానికి 300 నార్మల్ లీటర్లు (0 డిగ్రీలు, వాతావరణ ప్రెషర్ దగ్గరి లీటర్లు). ఈ రివ్యూ ఏ ఒక్క కంపెనీ పెట్టె గురించీ కాదు, ఈ అమరిక గురించి. లోపలి కంట్రోలర్ ఎవరు తయారు చేసినా పనిచేసే తీరు ఒకటే. తేడా అంతా చుట్టూ కట్టేవాళ్ళ చేతిలో ఉంటుంది.

తీర్పు ముందే చెప్పేస్తాం. నైట్రో రిడక్షన్ (నైట్రో సమ్మేళనాన్ని అమైన్‌గా మార్చడం) లాంటి బాగా వేడి పుట్టే రియాక్షన్లు నడిపేవాళ్ళకి ఇది కొనదగ్గదే, ఐదుకి నాలుగు. ఆ పోయిన ఒక్క మార్కూ కంట్రోలర్‌ది కాదు, దాని చుట్టూ పొదుపు చేసిన సామానుది. ఒక్క మాట: సేల్స్ వాళ్ళు బ్రోషర్‌లో చూపించే 0.5 శాతం కచ్చితత్వం చూసి మాత్రం కొనకండి. ఆటోక్లేవ్ దగ్గర దీనికి ఉన్న పనులు రెండే. గ్యాస్‌కి బ్రేకు వేయడం, లోపలికి పోయిన గ్యాస్‌ని లెక్కపెట్టడం.

బ్రేకు సంగతి ముందు చూద్దాం. 100 కిలోల నైట్రోబెంజీన్, 500 లీటర్ల మిథనాల్, పల్లాడియం కార్బన్ క్యాటలిస్ట్, కిలోలీటరు ఆటోక్లేవ్, 60 డిగ్రీలు, 5 బార్ గేజ్ (వాతావరణ ప్రెషర్‌కి పైన 5 బార్) అనుకోండి. ఒక మోల్ నైట్రోకి మూడు మోల్‌ల హైడ్రోజన్ కావాలి. 100 కిలోలంటే 0.81 కిలోమోల్, దానికి 54.6 నార్మల్ ఘనపు మీటర్ల హైడ్రోజన్. మోల్‌కి సుమారు 550 కిలోజౌళ్ళ వేడి వస్తుంది కాబట్టి మొత్తం 447 మెగాజౌళ్ళు. అంటే లోపల ఖర్చయ్యే ప్రతి నార్మల్ ఘనపు మీటరు హైడ్రోజన్‌కీ 8.2 మెగాజౌళ్ళ వేడి పుడుతుంది. ఈ ఒక్క అంకె ప్యానెల్ తలుపు లోపల రాసి అతికించుకోవాలి.

ఇప్పుడు ఆటోక్లేవ్‌ని చల్లబరిచే జాకెట్ వైపు రండి. నాలుగు చదరపు మీటర్ల వైశాల్యం, చదరపు మీటరుకి డిగ్రీకి 250 వాట్ల ఉష్ణ బదిలీ గుణకం, జాకెట్‌కీ లోపలి రియాక్షన్ మాస్‌కీ 30 డిగ్రీల తేడా ఉంటే లాగగలిగే వేడి 30 కిలోవాట్లు, గంటకి 108 మెగాజౌళ్ళు. దాన్ని 8.2తో భాగిస్తే గంటకి 13.2 నార్మల్ ఘనపు మీటర్లు, నిమిషానికి 220 లీటర్లు. అంతకు మించి గ్యాస్ ఇస్తే టెంపరేచర్ పైకి పోతుంది, అంతే. 300 లీటర్ల రేంజిలో 220 దగ్గర క్లాంప్, అంటే దాటనివ్వని గరిష్ఠ హద్దు, పెట్టుకోవచ్చు, పైన కాస్త వెసులుబాటు ఉంటుంది. రేంజి బాగా సరిపోయింది.

రెగ్యులేటర్, నీడిల్ వాల్వు, రోటామీటర్‌తో (గొట్టంలో తేలే బిళ్ళతో ఫ్లో చూపించే మీటరు) నడిపే పాత పద్ధతిలో ఈ క్లాంప్ ఆపరేటర్ చెయ్యి. టెంపరేచర్ పెరిగితే వాల్వు నొక్కుతాడు, తగ్గితే తిప్పుతాడు. భయంతో ఎప్పుడూ కాస్త తక్కువే ఇస్తాడు, అతన్ని తప్పుపట్టలేం. నాలుగు గంటల్లో అవ్వాల్సిన బ్యాచ్ ఆరు, ఏడు గంటలు లాగేది అక్కడే. ప్యానెల్ ఆదా చేసే టైము కూడా అక్కడే వస్తుంది. జాకెట్ మోయగలిగినంత గ్యాస్‌ని మొదటి నిమిషం నుంచి ఒకే నిలకడగా ఇస్తుంది.

పైగా రోటామీటర్ ఇంకో అబద్ధం చెబుతుంది. దాని స్కేలు ఒక ప్రెషర్ దగ్గర గీసినది. 3 బార్ గేజ్‌కి గీసిన రోటామీటర్‌ని 5 బార్ గేజ్ లైన్లో పెడితే అసలు ఫ్లో చూపించే దానికంటే 22 శాతం ఎక్కువ ఉంటుంది. వాతావరణ ప్రెషర్ కలుపుకుని వచ్చే 4 బార్ అబ్సొల్యూట్, 6 బార్ అబ్సొల్యూట్ నిష్పత్తికి వర్గమూలం తీసి చూడండి. మాస్ ఫ్లో కంట్రోలర్‌కి ఈ జబ్బు లేదు. దాని లోపల సన్నని క్యాపిలరీ గొట్టం, దాని మీద వేడి చేసే చుట్టలు. గ్యాస్ కదిలితే ముందు చుట్ట చల్లబడి వెనక చుట్ట వేడెక్కుతుంది, ఆ తేడాయే మాస్ ఫ్లో. ప్రెషర్ మారినా లెక్క పెద్దగా చెదరదు.

ఫ్లో ఒక్కటే కంట్రోల్ చేస్తే సరిపోదు. నిమిషానికి 220 లీటర్లని సెట్ చేసి వదిలేస్తే, చివర్లో నైట్రో అయిపోయి అప్‌టేక్ (రియాక్షన్ గ్యాస్‌ని పీల్చుకునే వేగం) తగ్గినప్పుడు గ్యాస్ వస్తూనే ఉంటుంది, ప్రెషర్ ఎక్కుతుంది. ప్రెషర్ ఒక్కటే కంట్రోల్ చేస్తే మొదట్లో అప్‌టేక్ ఎక్కువున్నప్పుడు వేడికి హద్దు ఉండదు. కాబట్టి రెండూ కావాలి. పీఎల్‌సీలోని బయటి కంట్రోల్ లూప్ ఆటోక్లేవ్ ప్రెషర్‌ని 5 బార్ దగ్గర పట్టి కంట్రోలర్‌కి ఫ్లో సెట్‌పాయింట్ (ఇవ్వాల్సిన ఫ్లో అంకె) ఇస్తుంది. ఆ సెట్‌పాయింటూ 220 లీటర్ల క్లాంపూ లో సెలెక్టర్‌లోకి వెళ్తాయి, ఏది తక్కువైతే అదే కంట్రోలర్‌కి పోతుంది. బ్యాచ్ మొదట్లో క్లాంప్ రాజ్యం, చివర్లో ప్రెషర్ రాజ్యం.

ఈ లాజిక్ చాలా ప్యానెళ్లలో ఉంటుంది, కానీ ఒక లోపంతో. క్లాంప్ పట్టుకున్న రెండు మూడు గంటలూ ప్రెషర్ సెట్‌పాయింట్ కంటే కిందే ఉంటుంది, ఆ బయటి లూప్ (పీఐ రకం) ఆ తేడాని, అంటే ఇంటెగ్రల్ ఎర్రర్‌ని, పోగు చేస్తూనే ఉంటుంది. అప్‌టేక్ తగ్గి ప్రెషర్ 5 బార్‌కి వచ్చినా ఆ పోగు కరిగేదాకా లూప్ ఫుల్ ఫ్లో అడుగుతూనే ఉంటుంది. ఫలితం, ప్రెషర్ 6, 6.5 దాకా దూకి హై ప్రెషర్ ట్రిప్, అంటే గ్యాస్ దానికదే ఆగిపోవడం. అప్పుడు అందరూ కంట్రోలర్‌ని తిడతారు. తప్పు పీఎల్‌సీలో యాంటీ వైండప్ (ఆ పోగుని ఆపే లాజిక్) రాయని వాడిది. ప్యానెల్ తీసుకునే ముందు ఫ్యాక్టరీ టెస్టులోనే నైట్రోజన్‌తో ఇది చూడండి. వెసెల్ బదులు ఒక ట్యాంకు, దానికి చిన్న వెంట్ తెరిచి పెట్టి క్లాంప్ మీద అరగంట నడిపి, వెంట్ ఒక్కసారి మూసి ప్రెషర్ ఎంత దాటుతుందో చూడాలి. 0.2 బార్ లోపు ఆగితే సరే.

గ్యాస్ ఆపేస్తే రియాక్షన్ ఆగుతుంది కదా అని హాయిగా ఉండే పని లేదు. పై బ్యాచ్‌లో మాస్ మీద దాదాపు 400 లీటర్ల ఖాళీ ఉంటుంది. 60 డిగ్రీల దగ్గర మిథనాల్ ఆవిరే 0.84 బార్ తీసుకుంటుంది, మిగతాది హైడ్రోజన్, సుమారు 1.7 నార్మల్ ఘనపు మీటర్లు. షటాఫ్ మూసిన తర్వాత ఇదంతా ఖర్చయితే 14 మెగాజౌళ్ళ వేడి. దాదాపు 500 కిలోల మాస్‌ని జాకెట్ పనిచెయ్యకపోతే ఇది ఇంకో 12 డిగ్రీల దాకా ఎక్కిస్తుంది. మీ ప్రాసెస్‌కి ప్రమాదకరమైన టెంపరేచర్ 85 అనుకుంటే ట్రిప్ 80 దగ్గర పెడితే పనికిరాదు, 70 దగ్గర పెట్టాలి. ప్యానెల్‌తో వచ్చే డీఫాల్ట్ సెట్టింగుల్లో ఈ లెక్క ఉండదు, మీరే వేసుకోవాలి.

అలాగని గ్యాస్ మరీ పిసినారిగా ఇచ్చినా తప్పే. నైట్రో నుంచి అమైన్‌కి వెళ్ళే దారిలో హైడ్రాక్సిలమైన్ మధ్యలో తగులుతుంది. క్యాటలిస్ట్ చుట్టూ హైడ్రోజన్ కరువైతే అది పోగవుతుంది, దానికది విడిపోయి వేడి పుట్టించగల సరుకు అది. కాబట్టి క్లాంప్‌ని బాగా కిందకి దించి సేఫ్టీ అనుకోకూడదు. వేడి మొయ్యలేకపోతే బ్యాచ్ సైజు తగ్గించాలి, లేదా నైట్రోనే కొద్దికొద్దిగా డోస్ చెయ్యాలి.

ఇంకో చిన్న పరీక్ష కొనక ముందే చేసి తీరాలి. ఇప్పుడున్న ఆటోక్లేవ్‌లో అదే ప్రెషర్ దగ్గర అజిటేటర్ స్పీడు పెంచండి. అప్‌టేక్ పెరిగితే మీకు అడ్డంగా ఉన్నది గ్యాస్ సప్లై కాదు, గ్యాస్‌ని ద్రవంలోకి కలపలేని అజిటేటర్. అప్పుడు ఆ డబ్బు గ్యాస్ ఇండ్యూసింగ్ ఇంపెల్లర్ మీద పెట్టాలి. ఎంత మంచి ప్యానెలైనా ద్రవంలో కరగని గ్యాస్‌ని కరిగించలేదు.

ఇక సామాను. కంట్రోలర్ ఆర్డర్ చేసేటప్పుడు ఫ్లో రేంజి ఒక్కటే రాస్తే వచ్చేది సగం సరిపోయే వాల్వు. దాని లోపలి ఓరిఫిస్‌ని (గ్యాస్ వెళ్ళే రంధ్రాన్ని) ప్రెషర్ తేడాని బట్టి ఎంచుతారు. ఇన్‌లెట్ కనిష్ఠం, గరిష్ఠం, ఔట్‌లెట్ కనిష్ఠం, గరిష్ఠం నాలుగూ పర్చేజ్ ఆర్డర్‌లో ఉండాలి. మన ఉదాహరణకి ఇన్‌లెట్ 10 బార్ గేజ్, ఔట్‌లెట్ 0 నుంచి 5.5. ఖాళీ ఆటోక్లేవ్‌కి గ్యాస్ ఎక్కించే మొదటి పది నిమిషాల్లో వాల్వు ఊగులాడితే దాని అర్థం 0 బార్ ఔట్‌లెట్ సంగతి ఎవరూ చెప్పలేదని.

రెగ్యులేటర్ దగ్గర పొదుపు చెయ్యడం అలవాటైపోయింది. సింగిల్ స్టేజ్ రెగ్యులేటర్ పెడితే సిలిండర్ ప్రెషర్ 150 నుంచి 20కి దిగేకొద్దీ ఔట్‌లెట్ ప్రెషర్ పైకి పాకుతుంది. వినడానికి తలకిందులుగా ఉన్నా నిజం, లోపలి వాల్వుని మూసే వైపు నెట్టే ఇన్‌లెట్ నొక్కుడు తగ్గడం వల్ల అలా అవుతుంది. డబుల్ స్టేజ్ రాయించుకోండి.

సిలిండర్ల లెక్క కూడా ఇక్కడే తప్పుతుంది. 47 లీటర్ల సిలిండర్‌ని 7 ఘనపు మీటర్లని అమ్ముతారు. 47ని 150తో గుణించిన లెక్క అది. కానీ 150 బార్ దగ్గర హైడ్రోజన్ ఆదర్శ వాయువులా ఉండదు, కంప్రెసిబిలిటీ 1.09. పైగా మన షెడ్డులో 30 డిగ్రీలు. రెండూ కలిపితే నార్మల్ లెక్కలో 5.8. రెగ్యులేటర్ 10 బార్ ఇవ్వాలంటే సిలిండర్‌ని 15 బార్ దగ్గర వదిలెయ్యాలి, మిగిలేది 5.1. ఎనిమిది సిలిండర్లు చాలనుకున్న బ్యాచ్‌కి పదకొండు కావాలి. నాలుగు, నాలుగు చొప్పున రెండు బ్యాంకుల మ్యానిఫోల్డ్ (సిలిండర్లని కలిపే పైపు అమరిక) ఇచ్చి ఒక బ్యాచ్‌కి సరిపోతుందంటే ఒప్పుకోవద్దు. మధ్యలో సిలిండర్లు మార్చడమంటే పిగ్‌టెయిల్ (సిలిండర్‌ని కలిపే గొట్టం) విప్పడం, బిగించడం, పర్జ్ చెయ్యడం (నైట్రోజన్‌తో గాలిని తోసెయ్యడం), సబ్బునీళ్ళతో లీకు చూడడం. అర్ధరాత్రి షిఫ్టులో ఆ పని ఎవరికీ వద్దు. ఆరు, ఆరు తీసుకోండి.

రిస్ట్రిక్షన్ ఓరిఫిస్ అనే చిన్న బిళ్ళ చాలా ప్యానెళ్లలో ఉండదు. కంట్రోలర్ వాల్వు పూర్తిగా తెరుచుకుని ఇరుక్కుపోతే ఫ్లోకి హద్దు పెట్టేది అదొక్కటే. 10 బార్ గేజ్ దగ్గర ఒక మిల్లీమీటరు రంధ్రం చాలు, సుమారు 300 లీటర్ల హైడ్రోజన్ పోతుంది. ఇంత చిన్న రంధ్రం కాబట్టి దాని ముందు ఫిల్టరు లేకపోతే ట్యూబింగులో మిగిలిన రజను ఒక్క రేణువైనా దాన్ని మూసేస్తుంది. ఫిల్టరు తర్వాత, కంట్రోలర్‌కి ముందు పెట్టించండి.

కంట్రోలర్ వాల్వు షటాఫ్ వాల్వు కాదు. సెట్‌పాయింట్ సున్నా ఇచ్చినా కొంచెం గ్యాస్ జారుతూనే ఉంటుంది, తయారీదారు మాన్యువల్‌లోనే రాసి ఉంటుంది. కాబట్టి విడిగా ఫెయిల్ క్లోజ్ షటాఫ్ (కరెంటు పోతే దానికదే మూసుకునేది) ఉండాలి, అది అజిటేటర్ ట్రిప్‌కి, హై టెంపరేచర్‌కి, హై ప్రెషర్‌కి, కూలింగ్ పంపు ఆగడానికి, హైడ్రోజన్ డిటెక్టర్‌కి కట్టి ఉండాలి. అజిటేటర్ సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. అది ఆగిన వెంటనే గ్యాస్ ఆగకపోతే ప్రెషర్ నిండుతుంది, క్యాటలిస్ట్ అడుక్కి దిగుతుంది. మళ్ళీ తిప్పగానే అంతా ఒక్కసారి కలిసి అప్‌టేక్ దూకుతుంది.

నాన్ రిటర్న్ వాల్వుని నమ్ముకుని ప్యానెల్ కట్టే ధోరణి ఒకటి ఉంది. అది చాలదు. సిలిండర్లు అయిపోయి లైన్ ప్రెషర్ పడిపోయినప్పుడు ఆటోక్లేవ్‌లోంచి మిథనాల్ ఆవిరి, కార్బన్ రజను వెనక్కి వస్తాయి. నాన్ రిటర్న్ వాల్వు సీటు మీద ఒక్క కార్బన్ రేణువు కూర్చుంటే అది మూసుకోదు. ఆటోక్లేవ్ వైపు రెండు ఐసొలేషన్ వాల్వులు, మధ్యలో బ్లీడ్ (జారిన గ్యాస్‌ని బయటికి వదిలే వాల్వు) ఉండాలి.

ఎందుకింత పట్టుదలంటే, ఆవిరి వెనక్కి వచ్చి క్యాపిలరీలో పలచగా ఎండి పొర కట్టినప్పుడు కంట్రోలర్ ఎటువైపు తప్పుతుందో చూడండి. క్యాపిలరీ సగం మూసుకుపోతే సెన్సర్‌లోంచి వెళ్ళే గ్యాస్ తగ్గుతుంది, కంట్రోలర్ ఫ్లో తక్కువగా ఉందనుకుంటుంది, వాల్వు ఇంకా తెరుస్తుంది. స్క్రీన్ మీద 220 అనే ఉంటుంది, లోపలికి 250, 260 పోతుంటుంది. అలారం మోగదు. ట్రెండ్ గీత చక్కగా సాపుగా ఉంటుంది. చెడిపోయిన పరికరం ఇంత నమ్మకంగా కనిపించడమే దీనితో వచ్చిన చిక్కు.

దీన్ని పట్టించేది టోటలైజర్, అంటే పోయిన గ్యాస్ మొత్తం లెక్క. ప్యానెల్ రెండో పని అదే. మన బ్యాచ్‌కి థియరీ 54.6, ఆటోక్లేవ్ ఖాళీని నింపడానికి పర్జ్ తర్వాత ఎక్కే గ్యాస్ ఇంకో ఒకటిన్నర, కలిపి 56. నాలుగైదు బ్యాచ్‌లు 56, 57 దగ్గర ముగుస్తూ ఉండి ఒక బ్యాచ్ 48కే ముగిసిందనుకోండి. ల్యాబులో హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో కన్వర్షన్ (నైట్రో అంతా మారిపోవడం) పూర్తయిందని వస్తే రియాక్షన్ బాగుంది, లెక్కపెట్టేది తప్పుతోంది, క్యాపిలరీ అనుమానించండి. 56 దాటి 62, 64కి పోతూ ఆగకపోతే లీకు, లేదా బెంజీన్ రింగ్ కూడా హైడ్రోజనేట్ అవుతోంది. అజిటేటర్ మెకానికల్ సీల్ దగ్గర డిటెక్టర్ పట్టుకుని చూస్తే రెండిటిలో ఏదో తెలిసిపోతుంది. బ్యాచ్ రికార్డులో ఈ ఒక్క గడి చేర్చండి, ఎండ్ టోటల్. సంవత్సరం తిరిగేసరికి ఏ క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్ చెప్పనిది ఆ గడులు చెబుతాయి.

ఎండ్ పాయింట్‌ని మాత్రం టోటల్ మీద నిర్ణయించకండి. ఫ్లో 6 లీటర్ల కిందకి పడి, ప్రెషర్ కదలకుండా అరగంట ఉంటే షటాఫ్ మూసి, ఇంకో అరగంట ప్రెషర్ డ్రాప్ చూడాలి, శాంపిల్ తియ్యాలి. కారణం ఉంది. 0.5 శాతం రీడింగ్, 0.1 శాతం ఫుల్ స్కేల్ (అంటే 300 లీటర్లలో) అని రాసిన పరికరానికి 6 లీటర్ల దగ్గర ఎర్రర్ 0.33 లీటర్లు, అంటే రీడింగ్‌లో ఐదున్నర శాతం. సున్నా కాస్త జరిగితే ఇంకా ఎక్కువ. 220 దగ్గర అద్భుతంగా ఉన్న పరికరం 6 దగ్గర అంతంత మాత్రమే.

సున్నా చెయ్యడంలో జరిగే తప్పు ఒకటే. సెట్‌పాయింట్ సున్నా ఇచ్చి జీరో బటన్ నొక్కుతారు. వాల్వు జారుతోందని పైనే చెప్పుకున్నాం, ఆ జారుడునే సున్నాగా నేర్పిస్తున్నామన్నమాట. ముందూ వెనకా ఐసొలేషన్ వాల్వులు మూసి, కరెంటు ఇచ్చి అరగంట వేడెక్కనిచ్చి, రెండు వైపులా ప్రెషర్ సమం అయ్యాక సున్నా చెయ్యాలి. పర్చేజ్ ఆర్డర్‌లో ఒక బాల్ వాల్వు మిగిల్చామని సంతోషపడ్డవాళ్ళు సున్నా చేసే దారి పోగొట్టుకున్నట్టే.

యూనిట్ల గొడవ కూడా చూసుకోండి. నార్మల్ లీటరంటే 0 డిగ్రీలు, స్టాండర్డ్ లీటరంటే కొందరికి 20, కొందరికి 25. 0కీ 20కీ తేడా 7.3 శాతం. కంట్రోలర్ ఒకదానిలో, పీఎల్‌సీ ఇంకోదానిలో ఉంటే మీ 54.6 ఎప్పటికీ కలవదు. ప్రాబ్లెం కెమిస్ట్రీలో ఉందని ఆర్ అండ్ డీ వాళ్ళని రెండు వారాలు తిప్పుతారు.

హజార్డస్ ఏరియా దగ్గర జాగ్రత్త కావాలి. చాలా మామూలు మాస్ ఫ్లో కంట్రోలర్లకి ఉండే రేటింగ్ జోన్ 2 (మండే గ్యాస్ అరుదుగా మాత్రమే చేరే చోటు) వరకే. ఆటోక్లేవ్ మ్యాన్‌హోల్, సీల్, వెంట్ చుట్టుపక్కల జోన్ 1గా (మామూలు పనిలోనే మండే గ్యాస్ ఉండే వీలున్నది) గుర్తించే చోటు ఉంటుంది. హైడ్రోజన్ అంటుకోవడానికి 0.02 మిల్లీజౌళ్ళు చాలు, గాల్లో 4 నుంచి 75 శాతం దాకా ఎంతున్నా మండుతుంది, గ్యాస్ గ్రూపు ఐఐసీ, అన్నిటిలోకీ కఠినమైనది. అచ్యుతాపురంలో 2024 ఆగస్టు 21న ఫార్మా ప్లాంటు పేలుడులో 17 మంది పోయాక ఎలక్ట్రికల్ సామాను ఎక్కడ పెడుతున్నామని రెండుసార్లు ఆలోచించడం ఎవరికీ చెప్పక్కర్లేదు. జోన్ 1కి సరిపోయే మోడల్ తీసుకోవాలి, లేదంటే ప్యానెల్ మొత్తాన్ని ఆటోక్లేవ్ గది బయట, గాలి ఆడే గోడకి పెట్టాలి. కేబుల్ గ్లాండ్‌లు కూడా ఐఐసీవే కావాలి, ఐఐబీ గ్లాండ్ బిగించి పైన ఐఐసీ నేమ్‌ప్లేట్ కొట్టడం చూడకుండా వదిలెయ్యకండి.

గోడ బయటంటే విశాఖలో ఎండా వానా ఉప్పుగాలీ కలిపి. రోహిణి కార్తెలో పడమర ఎండ నేరుగా పడే చోట కంట్రోలర్ పెడితే దాని సున్నా మధ్యాహ్నానికి ఒకలా, తెల్లవారుజామున ఒకలా ఉంటుంది. పైన రేకు, చుట్టూ గాలి ఉండాలి. ఫిట్టింగులు ఎస్ఎస్ 304వి వేసి బిల్లు 316కి రాసే అలవాటు ఒకటుంది. సముద్రపు గాలి రెండు వానాకాలాల్లో ఆ లెక్క తేలుస్తుంది, ఫెరూల్స్ దగ్గర గోధుమ రంగు మచ్చలు వస్తాయి. మెటీరియల్ సర్టిఫికెట్ హీట్ నంబరు ఫిట్టింగు మీద ఉన్న నంబరుతో కలిపి చూడండి.

లీక్ టెస్టుకి కూడా ఎండ అడ్డం వస్తుంది. 10 బార్ గేజ్ నైట్రోజన్ పెట్టి రాత్రంతా వదిలితే, గ్యాస్ 5 డిగ్రీలు చల్లబడితేనే 0.18 బార్ తగ్గుతుంది. లీకు లేకుండా లీకు కనిపిస్తుంది. టెంపరేచర్ రాసుకోకుండా చేసిన హోల్డ్ టెస్టుకి విలువ లేదు.

పర్జింగ్ ప్యానెల్ చేసే ఆటోమేటిక్ పనుల్లో బాగున్నది. 3 బార్ గేజ్‌కి నైట్రోజన్ నింపి వాతావరణానికి వదిలితే ప్రతిసారి నాలుగో వంతు మిగులుతుంది. గాలిలో 21 శాతం ఆక్సిజన్ ఒకసారికి 5.2, రెండుసార్లకి 1.3, మూడోసారికి 0.33. హైడ్రోజన్ మండడానికి నైట్రోజన్‌లో సుమారు 5 శాతం ఆక్సిజన్ కావాలి కాబట్టి ఒక్కసారితో ఆగడం కత్తి అంచు మీద నిలబడడం, మూడు సరైన సంఖ్య. చేత్తో చేసేటప్పుడు మూడోది ఎగరగొట్టే వీలుంటుంది, పీఎల్‌సీ ప్రెషర్ చూసి లెక్కపెడుతుంది కాబట్టి ఇక్కడ ఉండదు.

ఇదే ప్యానెల్‌ని అమోనియాకీ వాడొచ్చా అని అడుగుతారు. వద్దు. హైడ్రోజన్‌కి సరిపోయే వైటాన్ రబ్బరు సీళ్ళు అమోనియాకి పాడవుతాయి, ఈపీడీఎం రబ్బరువి కావాలి. లిక్విఫైడ్ గ్యాస్ రెగ్యులేటర్ దగ్గర చల్లబడి ద్రవంగా కంట్రోలర్‌లోకి వస్తే అది ఇంకో తలనొప్పి. తడి తగిలిన క్లోరిన్‌కైతే 316ఎల్ ట్యూబింగే నిలవదు.

క్యాలిబ్రేషన్‌కి పరికరాన్ని విప్పి బయట ల్యాబుకి పంపితే ప్యానెల్ అన్నాళ్ళు ఖాళీ. పైగా ల్యాబులు ఎక్కువగా గాలితోనో నైట్రోజన్‌తోనో చేసి హైడ్రోజన్‌కి 1.01 ఫ్యాక్టర్‌తో మార్చి ఇస్తాయి. సర్టిఫికెట్‌లో ఏ గ్యాస్ వాడారో రాసి ఉందా లేదా చూడండి. మధ్యమధ్య ప్లాంటులోనే చెయ్యగలిగిన పరీక్ష ఒకటుంది, అందుకు కావాల్సిన వెసెల్ మీ దగ్గరే ఉంది. ఆటోక్లేవ్ ఖాళీగా, ఆరి ఉన్నప్పుడు అన్ని వాల్వులూ మూసి, కంట్రోలర్ ద్వారా నైట్రోజన్‌ని నిమిషానికి 200 నార్మల్ లీటర్ల చొప్పున పది నిమిషాలు పంపండి. గ్యాస్ సెట్టింగు నైట్రోజన్‌కి మార్చడం మర్చిపోవద్దు. లోపలి ఖాళీ సరిగ్గా 1000 లీటర్లు, టెంపరేచర్ 30 డిగ్రీలైతే ప్రెషర్ 2.25 బార్ పెరగాలి.

రీడింగ్ వెంటనే తీసుకోకండి. నింపేటప్పుడు గ్యాస్ నొక్కుకుని వేడెక్కుతుంది, గోడలతో సమం అవ్వడానికి ఇరవై నిమిషాలు ఆగాలి. ప్రెషర్ గేజ్ కాకుండా ట్రాన్స్‌మిటర్ రీడింగ్ వాడండి, 0 నుంచి 16 బార్ డయల్ గేజ్‌లో 2.25 సరిగ్గా కనపడదు. అన్నిటికంటే ముఖ్యంగా, కిలోలీటరు అని నేమ్‌ప్లేట్ మీద ఉన్న వెసెల్ లోపల డిష్ ఎండ్‌లు, నాజిల్స్ కలిపి 1000 కంటే బాగా ఎక్కువే ఉంటుంది. ఒకసారి వాటర్ మీటర్ పెట్టి నిండా నీళ్ళు నింపి అసలు వాల్యూం కొలిచి, ఆ అంకెని పెయింటుతో జాకెట్ ఇన్సులేషన్ మీద రాయించండి. 1200 వస్తే పెరగాల్సింది 1.87 బార్. 2.1 పెరిగితే కంట్రోలర్ చెప్పేదానికంటే ఎక్కువ గ్యాస్ పంపుతోంది, క్యాపిలరీ శుభ్రం చేయించాల్సిన టైము వచ్చింది. 1.6 దగ్గర ఆగితే ముందు సబ్బునీళ్ళు పట్టుకుని మ్యాన్‌హోల్ గ్యాస్కెట్ చూడండి, కంట్రోలర్ సంగతి తర్వాత.